ముక్క పరీక్షలో రంగులు చెప్పేదేమిటి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రొమ్ము గడ్డల బయాప్సీ గురించే ఉన్నాయి. వాటిలో అయిదింటిని ఎంచుకున్నాను. నేను పాథాలజిస్టును కాబట్టి రోగుల ముఖాలు చూసేది తక్కువ, వారి కణాలను చూసేది ఎక్కువ. రిపోర్టులో మేము రాసే రెండు ముక్కలు ఇళ్లలో ఎన్ని రకాలుగా అర్థమవుతున్నాయో ఈ ఉత్తరాలు చదివాకే తెలిసింది. మొదటి ఉత్తరానికి ఇచ్చిన జవాబు తక్కినవాటికి కూడా ఆధారం కనుక దానికి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను.

ప్రశ్న: నా వయసు 46 సంవత్సరాలు. కుడి రొమ్ములో చిన్న గట్టి భాగం ఉందని మామోగ్రామ్‌లో తేలడంతో సూదితో సన్నని ముక్కలు తీసి పరీక్షకు పంపారు. మూడు రోజుల్లో ఇస్తామన్న రిపోర్టు రాలేదు. అడిగితే ఇంకా కొన్ని రంగులు వేయాలి, ఐహెచ్‌సీ చేయాలి అన్నారు. ఆ వారం రోజులు మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చివరికి ‘స్క్లెరోసింగ్ అడినోసిస్, పి63, కాల్పోనిన్ రంగులలో మయోఎపిథీలియల్ పొర నిలిచి ఉంది, క్యాన్సర్ లక్షణాలు లేవు’ అని వచ్చింది. అదనంగా రంగులు వేయవలసి వచ్చిందంటే అనుమానం ఉన్నట్టే కదా? రంగును చూసి క్యాన్సర్ కాదని తేల్చడం నమ్మదగినదేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ మొదటి ప్రశ్నకు జవాబు అవుననే చెప్పాలి. మొదటి స్లైడు చూసిన పాథాలజిస్టుకు సందేహం కలిగింది, ఆ సందేహం తీరిన తరువాతే సంతకం పెట్టారు. అయితే ఆ సందేహానికి కారణం మీ గడ్డ చెడ్డది కావడం కాదు. స్క్లెరోసింగ్ అడినోసిస్ అనే మార్పు ఎవరిలో వచ్చినా చూసేవారిని తికమక పెడుతుంది. రెండవ ప్రశ్నకు జవాబు కొంచెం పొడుగు.

రొమ్ము నుంచి తీసిన ముక్కను చెడిపోకుండా ఫార్మలిన్ అనే ద్రవంలో ఉంచి, తరువాత అందులోని నీటిని తొలగించి, కరిగించిన పారాఫిన్ మైనంలో బిగిస్తారు. దానినే బ్లాకు అంటాము. ఆ బ్లాకును మైక్రోటోమ్ అనే యంత్రం మీద సుమారు నాలుగు మైక్రాన్ల మందంతో, అంటే మిల్లీమీటరులో 250వ వంతు పలుచదనంతో కోసి గాజు పలక మీదికి ఎత్తుతారు. అంత పలుచని పొరకు రంగంటూ ఉండదు. అలాగే మైక్రోస్కోపు కింద పెడితే ఏదో నీడ తప్ప ఏమీ కనబడదు. అందుకని ముందుగా హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే జంట రంగు వేస్తారు. హెమటాక్సిలిన్‌ను మెక్సికో ప్రాంతంలో పెరిగే ఒక చెట్టు చేవ నుంచి తీస్తారు. ఆ చెట్టు మన చింత, చిక్కుడు కుటుంబానికి చెందినదే. ఆ రంగు ఒంటరిగా కణానికి పట్టదు, పటిక తోడు కావాలి. పెడనలో కలంకారీ అద్దేవారు గుడ్డకు ఎర్రరంగు పట్టడానికి పటిక వాడడంలో ఉన్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. పటికతో కలిసిన హెమటాక్సిలిన్ కణకేంద్రకాలను నీలంగా చూపుతుంది, ఇయోసిన్ తక్కిన భాగాన్ని గులాబీ రంగులో చూపుతుంది. 19వ శతాబ్దంలో మొదలైన ఈ పద్ధతిలో వచ్చే స్లైడునే నేటికీ మేము మొదట చూస్తాము, ఎక్కువ గడ్డల విషయంలో దానితోనే నిర్ణయం అయిపోతుంది.

ఇక్కడే ఒక అపోహ ఉంది. క్యాన్సర్ కణానికి ఒక రంగు, మంచి కణానికి ఇంకొక రంగు ఉంటాయని చాలామంది అనుకుంటారు. అలాంటి రంగు ఏదీ లేదు. రంగు వేస్తే రూపం కనబడుతుంది. కేంద్రకాలు ఎంత పెద్దవి, ఒకదానికొకటి పోలిక ఉందా, విభజన ఎంత జోరుగా సాగుతోంది, వీటన్నిటికన్నా ముఖ్యంగా కణాలు తమ హద్దులో ఉన్నాయా, దాటాయా అన్నది ఆ రూపాన్ని చూసి మేము నిర్ణయిస్తాము.

ఆ హద్దు సంగతి మీ రిపోర్టుకు కీలకం. రొమ్ములో పాలు తయారయ్యే చిన్న గుత్తులు, ఆ పాలను చనుమొనకు చేర్చే నాళాలు ఉంటాయి. వీటి గోడలో కణాలు రెండు వరుసలుగా ఉంటాయి. లోపలి వరుస పాలను తయారు చేస్తుంది, లేదా నాళాలలోనైతే పాలు నడిచే దారికి లోపలి పూతగా ఉంటుంది. దానిని చుట్టుకుని వెలుపల ఉండే వరుసలోనివే మయోఎపిథీలియల్ కణాలు. బిడ్డ నోరు పెట్టగానే తల్లికి పాలు చేపుకు వస్తాయి కదా, ఆ చేపు వీటి పనే. మెదడు నుంచి ఆక్సిటోసిన్ హార్మోను విడుదల కాగానే ఈ కణాలు కండరంలాగా ముడుచుకుని పాలను ముందుకు నెడతాయి. వీటికి వెలుపల ఒక సన్నని ఆధారపొర, ఆ పొరకు ఆవల పీచు, కొవ్వు ఉంటాయి.

రొమ్ము క్యాన్సర్ చుట్టుపక్కల కణజాలంలోకి చొరబడినప్పుడు లోపలి వరుసను పోలిన కణాలే ఈ పొలిమేర దాటి పోతాయి. మయోఎపిథీలియల్ కణాలు వాటి వెంట వెళ్లవు. కాబట్టి పీచులో చెదిరి కనబడుతున్న ప్రతి చిన్న గొట్టం చుట్టూ ఆ కణాలు ఉన్నాయంటే, ఎంత వంకరగా కనబడినా అది ఊరి లోపలి ఇల్లే. అవి లేవంటే పొలిమేర దాటిందని అనుమానించాలి.

స్క్లెరోసింగ్ అడినోసిస్‌లో పాలగుత్తుల సంఖ్య పెరుగుతుంది, వాటి నడుమ పీచు కూడా పెరిగి వాటిని నొక్కి, సాగదీసి, వంకరలు తిప్పుతుంది. నలిగిన మయోఎపిథీలియల్ కణాలు మామూలు జంట రంగులో సరిగా గుర్తుపట్టలేనంత సన్నబడతాయి. అప్పుడు కణాలు పీచులో చెల్లాచెదురుగా దూరినట్టే కనబడుతుంది. ట్యూబ్యులర్ కార్సినోమా అనే నెమ్మదైన క్యాన్సర్‌కు కూడా దాదాపు అదే పోలిక ఉంటుంది. ఆపరేషన్ చేసి గడ్డ మొత్తం తీస్తే, తక్కువ పెద్దది చేసి చూసినప్పుడు గుత్తి ఆకారం చెడలేదని చెప్పడం తేలిక. కానీ మీకు తీసినటువంటి సూది ముక్క వెడల్పు రెండు మిల్లీమీటర్లకు లోపే ఉంటుంది. తలుపు సందులోంచి చూస్తే వీధి అంతా కనబడదు కదా.

అందుకే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, మీరు విన్న ఐహెచ్‌సీ, అవసరమైంది. ఇందులో ఒక నిర్దిష్టమైన ప్రోటీన్‌కు మాత్రమే అతుక్కునే యాంటీబాడీని స్లైడు మీద పోస్తారు. అది అతుక్కున్న చోటు కంటికి కనబడడానికి దానికి ఒక ఎంజైమును జోడిస్తారు. ఆవాల కుటుంబానికి చెందిన హార్స్‌రాడిష్ అనే మొక్క వేరు నుంచి ఈ ఎంజైమును మొదట తీశారు. దాని మీద డయామినోబెంజిడిన్ అనే రసాయనం పడినప్పుడు గోధుమరంగు మచ్చ ఏర్పడుతుంది. కణజాలంలో ప్రోటీన్ల జాడను యాంటీబాడీలతో పట్టే పద్ధతిని 1940లలో అమెరికాలో ఆల్బర్ట్ కూన్స్ మొదలుపెట్టారు. 1975లో కోలర్, మిల్‌స్టైన్‌లు ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారు చేసే విధానం కనిపెట్టాక అది ఆసుపత్రి లాబొరేటరీలలోకి వచ్చింది. వారికి ఆ పనికి 1984లో నోబెల్ బహుమతి వచ్చింది.

మీ రిపోర్టులోని పి63 మయోఎపిథీలియల్ కణం కేంద్రకంలో ఉండే ప్రోటీన్. కాల్పోనిన్ అదే కణం ఒంట్లో, ముడుచుకునే యంత్రాంగంలో భాగంగా ఉంటుంది. రెండూ ఎందుకు వేయాలన్నది తెలివైన ప్రశ్న, మీరు అడగకపోయినా చెబుతాను. పి63తో గొట్టం చుట్టూ గోధుమరంగు చుక్కల వరుస వస్తుంది. అది శుభ్రంగా కనబడుతుంది కానీ చుక్కకూ చుక్కకూ మధ్య ఖాళీ ఎక్కువైతే పొర తెగిందేమోనన్న భ్రమ కలుగుతుంది. కాల్పోనిన్ తెగని తాడులాగా చుట్టూ కనబడుతుంది. అయితే అది రక్తనాళాల గోడకు, గడ్డ చుట్టూ ఉండే కొన్ని పీచు కణాలకు కూడా పడుతుంది కనుక, పొర లేని చోట ఉందని పొరబడే ప్రమాదం ఉంటుంది. ఒకదాని లోపాన్ని ఇంకొకటి సరిచేస్తుంది. మీ విషయంలో రెండూ ఒకే మాట చెప్పాయి. నేనైతే ఒక్క రంగు చూసి క్యాన్సర్ అని కానీ, కాదని కానీ సంతకం పెట్టను.

ఈ పద్ధతికి పరిమితులు ఉన్నాయని కూడా చెప్పాలి. పొర ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని అర్థం కాదు. నాళం లోపలే పుట్టి ఇంకా హద్దు దాటని డక్టల్ కార్సినోమా ఇన్ సిటూలో కూడా చుట్టూ ఈ పొర ఉంటుంది. అక్కడ నాళం లోపల ఉన్న కణాల రూపాన్ని బట్టి తేల్చాలి. అలాగే పొర లేనంత మాత్రాన క్యాన్సరే అనడానికీ లేదు. మైక్రోగ్లాండ్యులర్ అడినోసిస్ అనే అరుదైన మార్పులో మయోఎపిథీలియల్ కణాలు అసలే ఉండవు, అయినా అది క్యాన్సర్ కాదు. దానిని పట్టుకోవడానికి ఆధారపొరను చూపే రంగులు, ఎస్-100 అనే ఇంకొక ప్రోటీన్ పరీక్ష తోడు తీసుకుంటాము. ఈ చిక్కుల వల్లనే ఏ రంగునూ మొదటి స్లైడు నుంచి విడదీసి చదవకూడదని మా విద్యార్థులకు పదే పదే చెబుతాము.

ఇక మీరు చేయవలసింది ఒకటే. మామోగ్రామ్ తీసిన రేడియాలజిస్టుకు ఈ రిపోర్టు చూపించి, ఫిల్ములో కనబడిన గట్టి భాగానికి స్క్లెరోసింగ్ అడినోసిస్ అన్న జవాబు సరిపోతుందా అని అడగండి. సరిపోతుందంటే వారు చెప్పిన గడువు ప్రకారం మళ్ళీ చూపించుకుంటే చాలు. సరిపోదంటే, రంగులు ఎంత బాగా వచ్చినా సూది సరైన చోట దిగలేదేమోనని మళ్ళీ ముక్క తీయడం న్యాయం. ఈ మార్పు ఉన్నవారికి ముందుముందు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలువారికన్నా కొద్దిగా, రెండు రెట్ల లోపుగా, ఎక్కువ ఉంటుంది. అది భయపడవలసినంత కాదు, ఏటా చూపించుకోవడం మానేయదగినంత తక్కువా కాదు.

ప్రశ్న: మా అమ్మగారికి 58 ఏళ్లు. సన్నసూదితో రొమ్ము గడ్డ నుంచి నీరు లాగి పరీక్ష చేసి ‘సస్పిషియస్’ అని రాశారు. ఇప్పుడు మళ్ళీ లావు సూదితో ముక్క తీయాలంటున్నారు. మొదట తీసినదానికే ఈ ప్రత్యేకమైన రంగులు వేయవచ్చు కదా? గడ్డను పదే పదే పొడిస్తే పాకుతుందని బంధువులు అంటున్నారు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సన్నసూది పరీక్షలో మాకు వచ్చేవి విడివిడి కణాలు. గోడ కూల్చి ఇటుకలు తెచ్చి చూపినట్టు ఉంటుంది. ఇటుక నాణ్యత చెప్పగలం, గది ఆకారం చెప్పలేం. ఫైబ్రోఅడినోమా వంటి గడ్డలో కణాలు దుప్పి కొమ్ముల్లాగా చీలిన పలకలుగా వస్తాయి, వాటి చుట్టూ ఒంటరి కేంద్రకాలు చల్లినట్టు కనబడతాయి. అలాంటి చోట క్యాన్సర్ కాదని ధైర్యంగా చెబుతాము. కణాలు స్పష్టంగా చెడ్డవైనా ధైర్యంగా చెబుతాము. మీ అమ్మగారి పరీక్ష ఈ రెండింటి నడుమ ఆగింది. పైగా కణాలు క్యాన్సర్‌వని తేలినా అవి నాళం లోపలే ఉన్నాయా, బయటకు చొరబడ్డాయా అన్నది సన్నసూది చెప్పలేదు. పొలిమేరను చూడాలంటే పొలిమేరతో సహా ముక్క కావాలి, మయోఎపిథీలియల్ రంగులకు అర్థం వచ్చేది అలాంటి ముక్కలోనే.

పాకుతుందన్న భయం వల్ల ముక్క తీయించడం ఆలస్యం చేయకండి. సూది వెళ్లిన దారిలో కొన్ని కణాలు పడడం అరుదుగా జరుగుతుంది కానీ దానివల్ల రోగి ఆయుష్షు తగ్గినట్టు తేలలేదు. ఆపరేషన్‌కు ముందు సూదితో ముక్క తీసి నిర్ధారించుకోవడమే ప్రపంచమంతటా ఉన్న పద్ధతి.

ప్రశ్న: నా రిపోర్టులో ‘యూజువల్ డక్టల్ హైపర్‌ప్లేసియా’ అని ఉంది. దాని కింద ‘సీకే5/6 పాజిటివ్, మొజాయిక్ పద్ధతి, ఈఆర్ అక్కడక్కడ పాజిటివ్’ అని రాశారు. పక్కింటి ఆవిడకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు కూడా ఈఆర్ పాజిటివ్ అనే రాశారట. రెండు పాజిటివ్‌లు ఉంటే క్యాన్సర్ కాదని ఎలా అంటారు?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: తప్పు మీది కాదమ్మా, ‘పాజిటివ్’ అన్న మాటది. కరోనా వచ్చిన తరువాత ఆ మాట వింటేనే జబ్బు ఉన్నట్టు స్థిరపడిపోయింది. మా భాషలో దాని అర్థం ఇంతే: వెతికిన ప్రోటీన్ కనబడింది. అది కనబడడం మంచిదా, చెడ్డదా అన్నది ఏ ప్రోటీన్, ఏ కణంలో, ఎంతమేరకు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈఆర్ అంటే ఈస్ట్రోజన్ హార్మోనును అందుకునే గ్రాహకం. ఆరోగ్యంగా ఉన్న స్త్రీ రొమ్ములో కూడా కొన్ని కణాలకు ఇది ఉంటుంది. పక్కింటి ఆవిడ రిపోర్టులో అది క్యాన్సర్ అని నిర్ధారణ అయిన తరువాత ఏ మందు పనిచేస్తుందో తెలుసుకోవడానికి చేసిన పరీక్ష. ఆ సందర్భంలో నూటికి ఒక కణానికి పడినా పాజిటివ్ అనే లెక్క. మీ రిపోర్టులో అదే పరీక్షను వేరే పనికి వాడారు.

మీ నాళాలలో లోపలి కణాలు వరుసలు మీరి పెరిగాయి. అలా పెరిగినప్పుడు రెండు అవకాశాలు ఉంటాయి. పలు రకాల కణాలు కలగలిసి పెరిగితే అది యూజువల్ డక్టల్ హైపర్‌ప్లేసియా, క్యాన్సర్ కాదు. ఒకే కణం సంతతి మాత్రమే పెరుగుతూ పోతే అది ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా, ఇంకా విస్తరిస్తే డక్టల్ కార్సినోమా ఇన్ సిటూ. మామూలు జంట రంగులో మొదటిది సంతలో జనంలాగా ఉంటుంది: చిన్నా పెద్దా కలిసి, ఒకరినొకరు తోసుకుంటూ, నడుమ మిగిలిన సందులు కూడా ఎగుడుదిగుడుగా కనబడతాయి. రెండవది కవాతులాగా ఉంటుంది: ఒకే ఎత్తు, సమాన దూరం, మధ్యలో గుండ్రంగా కోసినట్టు రంధ్రాలు. ఆ తేడా స్పష్టంగా ఉంటే రంగులు అక్కరలేదు. నడుమన ఉన్నప్పుడే చిక్కు, అక్కడ అనుభవం ఉన్న పాథాలజిస్టుల మధ్య కూడా అభిప్రాయభేదాలు వస్తాయి.

అప్పుడు సీకే5/6 (సైటోకెరాటిన్ 5/6 అనే ప్రోటీన్ జాడ చూపే రంగు), ఈఆర్ జంటగా చాలా పనికివస్తాయి. కణాలు కలగలుపుగా ఉంటే సీకే5/6 కొన్నింటికి పడి కొన్నింటికి పడక, గచ్చు మీద రంగురాళ్లు పొదిగినట్టు ఉంటుంది. మొజాయిక్ అన్న మాట అందుకే వాడారు. ఈఆర్ కూడా అక్కడక్కడే పడుతుంది. ఒకే సంతతి కణాలైతే సీకే5/6 లోపల దాదాపు పూర్తిగా మాయమవుతుంది, ఈఆర్ అన్ని కణాలకూ ఒకే ముదురులో పడుతుంది. మీ రిపోర్టులో రెండు పాజిటివ్‌లు ఉండడం, అదీ అసమానంగా ఉండడం, క్యాన్సర్ కాదనడానికి సాక్ష్యం. తలకిందులుగా అనిపించినా సంగతి ఇది.

కానీ ఈ సాక్ష్యం కూడా అన్ని చోట్లా చెల్లదు. కాలమ్నార్ సెల్ మార్పు అనే హానిలేని స్థితిలో కూడా ఈఆర్ అన్నిటికీ పడి సీకే5/6 మాయమవుతుంది. కొన్ని ఉధృతమైన క్యాన్సర్లకు సీకే5/6 గట్టిగా పడుతుంది. ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియాకూ, తక్కువ శ్రేణి ఇన్ సిటూ క్యాన్సర్‌కూ రంగులు ఒకేలా వస్తాయి కాబట్టి అక్కడ విస్తీర్ణం కొలిచి చెబుతాము. మార్పు రెండు మిల్లీమీటర్లు దాటితే, లేదా రెండు నాళాలను పూర్తిగా ఆక్రమిస్తే, పేరు మారుతుంది. గీత ఆ పక్కన ఉన్న గడ్డకూ ఈ పక్కన ఉన్న గడ్డకూ స్వభావంలో అంత తేడా ఉంటుందా అంటే, ఉండదనే నా అభిప్రాయం. చికిత్స నిర్ణయించడానికి ఎక్కడో ఒకచోట గీత గీయాలి కనుక గీశారు.

అమెరికాలోని నాష్‌విల్‌లో పది వేలకు పైగా హానిలేని బయాప్సీలను తిరగేసి డూపాంట్, పేజ్ 1985లో ప్రచురించిన అధ్యయనం ఈ విభజనకు పునాది. మీలాంటి మామూలు పెరుగుదల ఉన్నవారిలో తరువాతి కాలంలో క్యాన్సర్ వచ్చే అవకాశం, పెరుగుదల లేనివారితో పోల్చితే రెండు రెట్లకు కొంచెం తక్కువగా, ఎటిపికల్ ఉన్నవారిలో అయిదు రెట్ల దాకా ఉన్నట్టు వారు చూపారు. ఒక్క పదం తేడా ఇంత దూరం తీసుకుపోతుంది కాబట్టే రంగుల కోసం మీ రిపోర్టును ఆపి ఉంటారు.

ప్రశ్న: నేను మెడికల్ లాబ్ టెక్నాలజీ చదువుతున్నాను. పాత పుస్తకాలలో వెండి నైట్రేటుతో వేసే ఏజీనార్ రంగు ద్వారా రొమ్ములో హానిలేని గడ్డలకూ క్యాన్సర్‌కూ తేడా కట్టవచ్చని ఉంది. ఖర్చు కూడా చాలా తక్కువ. మరి మా లాబొరేటరీలో ఎవరూ ఎందుకు వేయరు?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మంచి ప్రశ్న, పైగా ఖర్చు గురించి ఆలోచించే టెక్నీషియన్లు మాకు కావాలి. కణకేంద్రకంలో రైబోసోములు తయారు చేయించే జన్యువులు మనిషిలో 13, 14, 15, 21, 22వ క్రోమోజోముల పొట్టి చేతుల మీద ఉంటాయి. ఆ చోట చేరే కొన్ని ప్రోటీన్లు వెండిని ఇట్టే పట్టుకుంటాయి కనుక స్లైడు మీద నల్లని చుక్కలు వస్తాయి. 1986లో ప్లోటాన్, ఆయన సహచరులు ఈ పద్ధతిని సులభం చేశాక మన దేశంలోని వైద్య కళాశాలలలో ఎన్నో పరిశోధనా వ్యాసాలు వచ్చాయి. హానిలేని గడ్డల కణాలలో చుక్కలు తక్కువగా, గుండ్రంగా, ఒకచోట చేరి ఉంటాయి. క్యాన్సర్ కణాలలో ఎక్కువగా, చిన్నవిగా, చెదిరి ఉంటాయి. సగటు లెక్క తీస్తే ఈ తేడా నిజమే.

అయితే మా ముందుకు సగటు రోగి రాదు, ఒక్కొక్క రోగే వస్తుంది. కణం ఎంత జోరుగా పనిచేస్తోందో ఆ చుక్కలు చెబుతాయి, అది హద్దు దాటిందో లేదో చెప్పవు. చురుకుగా పెరుగుతున్న ఫైబ్రోఅడినోమా సంఖ్యా, నెమ్మదైన క్యాన్సర్ సంఖ్యా ఒకదానిమీద ఒకటి పడతాయి. నిజంగా సహాయం కావలసింది ఆ మధ్యస్థ గడ్డలకే, అక్కడే ఇది చేతులెత్తేస్తుంది. పైగా ఎంతసేపు రంగులో ఉంచారు, ఎవరు లెక్కపెట్టారు అన్నదాన్ని బట్టి సంఖ్య మారుతుంది. విభజన చెందే కణాలను చూపే కీ-67 కూడా ఇందుకే మంచీ చెడూ తేల్చడానికి పనికిరాదు, క్యాన్సర్ అని తేలిన తరువాత దాని వేగం అంచనా వేయడానికి వాడతాము. జర్మనీలోని కీల్ నగరంలో, ప్రయోగానికి వాడిన గుంటల పళ్లెంలో 67వ గుంటలో దొరికిన యాంటీబాడీ కనుక దానికి ఆ పేరు వచ్చింది. పరీక్షలో అడిగితే మార్కు పోగొట్టుకోకండి.

పాత రంగులన్నీ పాతబడ్డాయని మాత్రం అనుకోవద్దు. ఆధారపొరను చూపడానికి పీఏఎస్, రెటిక్యులిన్ రంగులు ఇప్పటికీ తక్కువ ఖర్చులో అందుబాటులో ఉన్న సాధనాలు. ఐహెచ్‌సీ లేని చోట వాటిని తీసిపారేయకుండా నేర్చుకోండి.

ప్రశ్న: నా భార్యకు మా ఊరి నర్సింగ్ హోములో రొమ్ము గడ్డ నుంచి ముక్క తీశారు. శనివారం సాయంత్రం సెలైన్ పోసిన చిన్న సీసాలో వేసి ఇచ్చారు. సోమవారం నేనే బస్సులో తీసుకెళ్లి నగరంలోని లాబొరేటరీలో అప్పగించాను. ‘కణజాలం చెడిపోయింది, క్యాన్సర్ అనుమానం ఉంది కానీ నిర్ధారించలేము, ఐహెచ్‌సీకి పనికిరాదు’ అని రాసి మళ్ళీ తీయమంటున్నారు. ఇది డబ్బు కోసం కాదు కదా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కాదు. ఆ రిపోర్టు రాసినవారు నిజాయితీగా రాశారు. ఒంట్లోంచి తీసిన ముక్కకు రక్తం ఆగిపోతుంది, ఆ క్షణం నుంచే కణంలోని ఎంజైములు కణాన్నే జీర్ణం చేసుకోవడం మొదలుపెడతాయి. సెలైన్ దానిని ఆపదు, ఎండకాలంలో బయట పెట్టిన కూరలాగా లోపల పాడవుతూనే ఉంటుంది. ఆపగలిగింది ఫార్మలిన్. రొమ్ము ముక్కను గంట లోపు 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి, ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ద్రవం ఉండాలి, ఆరు గంటలకు తక్కువ కాకుండా 72 గంటలకు మించకుండా అందులో ఉంచాలి. ఆపరేషన్‌లో పెద్ద గడ్డ తీసినప్పుడైతే అలాగే పడేస్తే లాభం లేదు. ఫార్మలిన్ గంటకు దాదాపు ఒక మిల్లీమీటరు మాత్రమే లోపలికి పోతుంది కనుక గడ్డను కోసి తెరవాలి.

రెండు రోజులు సెలైన్‌లో ఉన్న ముక్కలో కేంద్రకాలు అలుక్కుపోతాయి, ప్రోటీన్లు నశిస్తాయి. అప్పుడు పి63 పడకపోతే, మయోఎపిథీలియల్ పొర నిజంగా లేదా, ఉన్నది పాడయిందా అన్నది ఎవరూ చెప్పలేరు. ఆ స్థితిలో క్యాన్సర్ అని రాస్తే మీ భార్య అనవసరంగా రొమ్ము పోగొట్టుకోవచ్చు, కాదని రాస్తే ఉన్న జబ్బు ముదరవచ్చు. ఆ తరువాతి అడుగులో మందుల కోసం చేసే ఈఆర్ పరీక్ష కూడా ఇలాంటి ముక్కలో తప్పుగా నెగటివ్ వచ్చి, పనిచేసే మాత్ర అందకుండా చేస్తుంది. అందుకే మేము క్యాన్సర్ పక్కనే ఉన్న మామూలు నాళాలను కూడా చూస్తాము. వాటికి కూడా ఈఆర్ పడలేదంటే జబ్బు సంగతి అలా ఉంచి పరీక్షే చెల్లదు. మీరు మళ్ళీ ముక్క తీయించండి. ఈసారి సూది గదిలోకి వెళ్లే ముందే ఫార్మలిన్ సీసా సిద్ధంగా ఉందా అని అడగండి. ముక్క తీసిన తేదీ, సమయం సీసా మీద రాయించండి. అలా అడగడం వల్ల ఎవరూ నొచ్చుకోరు, నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

రిపోర్టు వచ్చాక కూడా సందేహం ఉంటే బ్లాకులు, స్లైడులు, మొదటి రిపోర్టు నకలు అడిగి తీసుకుని విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో, హైదరాబాదులోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో, రొమ్ము గడ్డలు ఎక్కువగా చూసే ఇంకొక పాథాలజిస్టు దగ్గరో చూపించవచ్చు. స్లైడులు మాత్రమే తీసుకెళితే ఉన్న రంగులనే మళ్ళీ చూడగలరు. బ్లాకు ఉంటే కొత్తగా కోసి కావలసిన రంగులు వేయగలరు కనుక బ్లాకు తప్పనిసరి. దారిలో ఎండ పడే చోట, ముఖ్యంగా కారు అద్దం ముందు అరుగు మీద పెట్టకండి. అది మైనం, కరిగితే ఏ రంగూ వేయడానికి ఉండదు.